పేరు మార్చేస్తా

కండక్టరుగారు రిటైరై బస్సు దిగారు గాని, ఆయన నోరు మాత్రం రిటైరవలేదు. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క ప్యాసింజరు కోడలు. కాఫీ చల్లారినా, కాళ్లు పట్టడం ఆలస్యమైనా ఆయనది ఒకటే పాట.

"ఏమ్మాయ్, పాలసీలో నీ పేరుంది. ఒళ్లు దగ్గర పెట్టుకో. పేరు మార్చేశానంటే నడిరోడ్డు మీద దిగిపోతావ్."

కోడలు చొక్కాల కంపెనీలో కాజాలు కుట్టేది. ఇంట్లో పెద్దవాళ్ల మీద బీమా తీసుకోండి, జీతంలో పట్టుకుంటాం అని పెళ్లయిన కొత్తలో కంపెనీవాళ్లు చెప్పారు. మొగుడు తన తండ్రి ప్రాణానికి బీమా రాయించి, చూపించిన చోటల్లా ఆమెతో సంతకాలు పెట్టించాడు. కాగితాలు మామగారి పెట్టెలో పడ్డాయి. తర్వాత మొగుడు పోయాడు, జీతంలో కోత మాత్రం పోలేదు. ప్రాణం మామగారిది కాబట్టి పాలసీ కూడా ఆయనదే అనుకుంది పిచ్చిది. ఎవర్నయినా అడుగుదామంటే, ఆ సంగతి ఆయన చెవిన పడుతుందని భయం.

ఆమె కోరిందేమీ మేడలు కాదు. ఆ డబ్బుతో సొంతంగా ఒక కాజా మిషను కొనుక్కుని, సూపర్‌వైజరు తిట్లు వినకుండా బతకాలని. ఆ ఆశతోనే, ఆయన మంచాన పడ్డాక మలమూత్రాలు ఎత్తింది, ముఖాన విసిరిన గ్లాసు తీసి కడిగి పెట్టింది. కన్నకూతురు తొంగి చూస్తే ఒట్టు. ముసలాడెప్పుడు పోతాడా అని కోడలు ఎదురుచూసిన మాట నిజమే. ఎవరైనా చూస్తారు.

చివరికి పోయాడు. ఆమె బీమా ఆఫీసుకు వెళ్లేసరికి, కర్మకాండ కాకముందే ఏడుస్తూ పెట్టె ఎత్తుకుపోయిన ఆడపడుచు అప్పటికే అక్కడ కూర్చుని ఉంది.

"డబ్బు ఈవిడకి వస్తుందమ్మా" అన్నాడు గుమస్తా, ఆడపడుచును చూపిస్తూ. "మొదట్నుంచీ నామినీ ఈవిడే."

"అప్పటికి నాకు పెళ్లి కాలేదు కదా, అన్నయ్యే రాయించాడు" అంది ఆడపడుచు.

"నా పేరుందన్నారే మామయ్య! మార్చేశారా?"

"ఆయనెలా మారుస్తారమ్మా? బీమా ఆయన ప్రాణానికి, అంతే. పాలసీకి ఓనరు మీరు, డబ్బు మాత్రం మీరు సంతకం పెట్టిన కాగితంలో ఎవరి పేరుంటే వాళ్లకే. నామినీని మార్చే హక్కు మీ ఒక్కరికే ఉండేది. మీ ఆయన పోయిన కొత్తలో పెద్దాయనే వచ్చి, మా కోడలు ఈ పేరు మార్చగలదా అని అడిగారు. ఆవిడ సంతకం ఒక్కటి చాలన్నాం. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. తెలిసే అన్నేళ్లూ కాళ్లు పట్టించుకున్నాడు. ఆమెకు చచ్చినవాణ్ణి లేపి మళ్లీ చంపాలన్నంత కోపం వచ్చింది. కౌంటరు మీదున్న పెన్ను గబుక్కున అందుకుంది.

"ఎక్కడ పెట్టాలో చెప్పండి, ఇప్పుడే పెడతాను."

"ఆయన పోయాక ఇంకేం మార్చలేమమ్మా."

ఆడపడుచు చెయ్యి చాపింది.

"ఆ పెన్ను ఇలా ఇవ్వు వదినా. నేను సంతకం పెట్టాలి."

ఇచ్చింది.