ఐదో సభ్యుడు

మా కాలేజీ సంఘంలో చేరతానని ఎవరూ అర్జీ పెట్టుకోవడానికి వీల్లేదు. మార్కులూ నడవడికా చూసి, ఉన్న సభ్యులే వెళ్ళి పిలవాలి. అసలు సంఘం మద్రాసులో ఉండేది. రంగూన్‌లో మాది శాఖ. ఆదివారం మధ్యాహ్నాలు ఒకరు వ్యాసం రాసుకొచ్చి చదివేవారు. మిగిలినవాళ్ళం తప్పులు పట్టేవాళ్ళం. పరీక్షల ముందు కింది తరగతులవాళ్ళకు పాఠాలు చెప్పేవాళ్ళం. బయటివాళ్ళకు ఇది చిన్న సంగతే. ఆ శాఖను మొదలుపెట్టిన నా స్నేహితుడికి మాత్రం అంతకన్నా పెద్ద సంగతి లేదు.

అతను భీమిలినుంచి వచ్చి, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా ఇంటికి దగ్గరలోనే మేనమామగారింట్లో ఉండి చదువుకునేవాడు. ఆ ఏడు వానలు పట్టినప్పటినుంచీ దగ్గు. డాక్టరు క్షయ అన్నాడు, ఊరికి పంపించమన్నాడు. మేనమామ టిక్కెట్టు కొంటానంటే ఇతనే కదల్లేదు. చదువులు ముగిసి కొందరు మాండలే వైపు ఉద్యోగాలకు పోవడంతో సంఘంలో మేం నలుగురమే మిగిలాం. ఐదుగురైనా లేని శాఖను రద్దు చేయడం మద్రాసువాళ్ళ నియమం. సెలవు మీద ఊరెళ్ళినవాణ్ణి సభ్యుడిగానే చూసేవారు కాబట్టి, ఇంకొకడు చేరితే చాలు, ఇతను వెళ్ళినా శాఖ నిలుస్తుంది.

“ఆ ఒక్కణ్ణీ చేర్చి వెళ్తాను” అనేవాడు.

“నువ్వు వెళ్ళరా, నేను చేరుస్తాను.”

“నువ్వా? నువ్వెళ్ళి పిలిస్తే పరామర్శకొచ్చావనుకుంటారు.”

అతను ఎంచుకున్నది ఇంటర్ చదువుతున్న ఒక కుర్రవాణ్ణి. లెక్కల్లో క్లాసుకి మొదటివాడు. తండ్రి బోటాటౌంగ్ రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. నాన్నని అడగాలండీ అన్నాడు ఆ అబ్బాయి. నా స్నేహితుడికి అదే నచ్చింది. పిలుపు పెద్దల ఎదుట జరగాలని అతని పట్టుదల. ఒక ఆదివారం ఇద్దరం కోట్లూ బూట్లూ వేసుకుని, వానలో గొడుగులతో కూలీల బారకాసుకి వెళ్ళాం. పొడుగాటి గదిని గోనెపట్టాలతో తెరలు కట్టి సంసారాలకు పంచుకున్నారు. తండ్రి మమ్మల్ని ఒక పెట్టె మీద కూర్చోబెట్టి తను నేల మీద కూర్చున్నాడు.

“ఏటి బాబూ, ఏ పని మీదొచ్చారు?”

నా స్నేహితుడు సిద్ధం చేసుకున్న మాటలు చెప్పాడు. మీ అబ్బాయి తెలివి చూసి చేర్చుకోవాలని వచ్చాం, ఇది గౌరవం, పేరు మద్రాసుదాకా వెళ్తుంది, ముందుముందు మేలు జరుగుతుంది. వింటున్నకొద్దీ ఆయన ముఖం బిగుసుకుంది.

“ఎన్నేల్లకి కట్టుబడి?” అన్నాడు.

“కట్టుబడి ఏమీ లేదండీ.”

“ఏలిముద్ర ఎయ్యాలా?”

“అక్కర్లేదు. మీ అబ్బాయి సంతకం చేస్తే చాలు.”

“అదే గదా. నాను ముద్దరేశాను, ఈడు సంతకం ఎడతాడు.”

పక్క తెర వెనకనుంచి ఒక ముసలావిడ తల బయటికి పెట్టింది. “ఆ మేస్త్రీగాడూ ఇలాగే తియ్యగా మాటాడాడు. ఆడు సెప్పులేసుకొచ్చాడు, ఈల్లు బూట్లేసుకొచ్చారు. అంతే తేడా.”

తెరల వెనక నవ్వులు వినబడ్డాయి. అప్పటికి గాని మాకు సంగతి తెలియలేదు. మా కోస్తా ఊళ్ళకు మేస్త్రీలు వచ్చి, మంచి మాటలు చెప్పి, చేతిలో బయానా పెట్టి, ఇన్నేళ్ళు పనిచేస్తానని కట్టుబడి కాగితం మీద వేలిముద్ర వేయించుకుని ఓడ ఎక్కించేవారు. ఆ బారకాసులో ఉన్నవాళ్ళంతా అలా వచ్చినవాళ్ళే. ఇంటికొచ్చి మనిషిని చేర్చుకుంటామనడం వాళ్ళు ఎరిగింది ఆ ఒక్క రకంగానే.

“అది కాదు నాన్నా” అన్నాడు కొడుకు సిగ్గుపడిపోతూ.

“నువ్వుండ్రా. మావోణ్ణి ఎక్కడికి తీసుకెల్తారు బాబూ?”

“ఎక్కడికీ తీసుకెళ్ళం. ఇక్కడే ఉంటాడు.”

“ఇక్కడే ఉన్నోణ్ణి మల్లీ తీసుకోడమేటి?”

నా స్నేహితుడికి నవ్వు ఆగలేదు. ఆ నవ్వే దగ్గు అయింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయాడు. తండ్రి లేచి గ్లాసుతో వేడినీళ్ళు తెచ్చి తాగించాడు. దగ్గు తగ్గేదాకా వీపు నిమురుతూ పక్కనే ఉన్నాడు. రుమాలు చూశాడు.

“ఎన్నాల్లనించి?”

“వానలు పట్టినప్పటినుంచి.”

“ఊల్లో ఎవులున్నారు?”

“అమ్మా నాన్నా ఉన్నారు.”

“మరిక్కడేటి సేత్తన్నావు? ఓడెక్కు.”

అప్పటిదాకా మీరు అన్న మనిషి నువ్వు అన్నాడు. అది ఇద్దరిలో ఎవరూ గమనించినట్టు లేదు.

“మీవాడు చేరితే ఎక్కుతాను” అన్నాడు నా స్నేహితుడు.

నిజమేనా అన్నట్టు ఆయన నావైపు చూశాడు. తలూపాను.

“సేరిపోరా” అన్నాడు కొడుకుతో. “ఈ సంగమేటో నాకు తెల్దు. ఈ బాబు ఇంటికెల్లాల.”

ఆ తర్వాతి ఓడకే అతను వెళ్ళాడు. ఓడ మెట్ల దగ్గర కూడా సంఘం గురించే మాట్లాడాడు. ఆ కుర్రాడి మొదటి వ్యాసం మీద మరీ విరుచుకుపడొద్దని, వాడికి ఇంగ్లీషు కన్నా లెక్కలు బాగా వచ్చని చెప్పాడు. సంతోషంగా ఉన్నాడు. ఊరినుంచి రెండు ఉత్తరాలు రాశాడు. మూడోది వాళ్ళ నాన్నగారు రాశారు.

తెలిసిన మర్నాడు నేను రేవుకి వెళ్ళాను. ఆ కుర్రాడి తండ్రికి కొడుకు చెప్పేకన్నా నేను చెప్పడం న్యాయమనిపించింది. భుజం మీద బస్తా దించి నా దగ్గరికి వచ్చాడు. చెప్పాను.

“తల్లి దగ్గరున్నాదా?” అని అడిగాడు.

“ఉంది.”

“సరే బాబూ” అని ముఖం తుడుచుకుని పనిలోకి వెళ్ళిపోయాడు.

మేం మళ్ళీ నలుగురమయ్యాం. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి, నేను ఎవరినీ వెతకలేదు. చివరికి ఆ అబ్బాయే, “అన్నగారూ, ఇంకొకర్ని పిలవాలి కదండీ” అన్నాడు. తెలుసులే అన్నాను, కొంచెం విసుగ్గానే. శాఖ నిలవాలని నా స్నేహితుడు ఎంతగా కోరుకున్నాడో నాకన్నా తెలిసినవాళ్ళు లేరు. అతని స్థానం నిండకుండా ఉంటే బాగుండునని కోరుకున్నదీ నేనే. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఉంటాయో ఇప్పటికీ నాకు తెలియదు.

రైలు స్టేషను వెనక ఒక గుమాస్తాగారింటికి, వాళ్ళబ్బాయిని పిలవడానికి ఇద్దరం వెళ్ళాం. పెద్దవాణ్ణి కాబట్టి మాట్లాడవలసింది నేనే. నోరు పెగల్లేదు. ఆ ఇంటివాళ్ళు పరీక్షలో ఎవరైనా తప్పారా అని అడిగారు కూడా. అప్పుడు రేవు కూలీ కొడుకు అందుకున్నాడు. గౌరవమని, మేలని అనలేదు. ఆదివారాలు ఏం చదువుతామో, ఎలా పోట్లాడుకుంటామో చెప్పాడు. గుమాస్తాగారు నవ్వి సరే అన్నారు. వాళ్ళబ్బాయి కూడా ఒప్పుకున్నాడు.

“మీ సంఘం ఎవరు పెట్టారండీ?” అని అడిగాడు ఆ కొత్త అబ్బాయి.

నా పక్కనున్నవాడు చెప్పబోయి ఆగి నావైపు చూశాడు. నేను నా స్నేహితుడి పేరు చెప్పాను. కొత్త అబ్బాయి ఆ పేరు ఎప్పుడూ వినలేదు. మర్యాదగా తలూపి, ఎన్ని గంటలకు రావాలని అడిగాడు.

మధ్యాహ్నం భోంచేసి వచ్చెయ్యమన్నాను.