వీడియోలో మిగిలిన సగం

మా ఆయన ఆటో నడుపుతాడు. నేను ఉచిత బస్సు ఎక్కుతాను. ఈ రెండు మాటలు చెబితే మా ఇంటి సంగతి సగం చెప్పినట్టే.

నేను రాంగోపాల్‌పేట్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేస్తాను. చీర తెచ్చి చూపిస్తే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ వెతికి తీసివ్వడం నా పని. ఇల్లు పద్మారావు నగర్ వెనక గల్లీలో. ఆడవాళ్ళకు సిటీ బస్సు ఉచితం కాకముందు, పొద్దున మా ఆయనే మొదటి బేరంతో పాటు నన్నూ ఎక్కించుకుని దింపేవాడు. సాయంత్రం షేర్ ఆటో, చిల్లర లేకపోతే నడక. సెలవు రోజున మారేడ్‌పల్లి వైపు గ్రంథాలయానికి వెళ్ళాలంటే మాత్రం ఆయన్ని అడగాలి. "పేపర్ చదువనీకి ఆటో కిరాయా" అని నవ్వేవాడు. ఇవ్వనని ఎప్పుడూ అనలేదు. కానీ అడగాలి.

బడి చదువు పదో తరగతితో ఆగింది. తర్వాత నేను నేర్చుకున్నదంతా ఆ గ్రంథాలయంలో పేపర్లు పరిచిన పొడుగు బల్ల దగ్గరే. మొదట్లో సంపాదకీయం రెండుసార్లు చదివితే గాని తలకెక్కేది కాదు. రాయితీ, లోటు, ద్రవ్యోల్బణం. ఆ చివరి మాట నోరు తిరగడానికి నాకు చాలా కాలం పట్టింది. అదేమిటో మాత్రం నూనె ప్యాకెట్లు కొంటూ అప్పటికే తెలుసుకున్నాను. బల్లకు అవతల కూర్చునే పెద్దమనుషులు ప్రభుత్వం గురించి గట్టిగా వాదించుకునేవారు. నన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. నేను చదివినదంతా ఎవరో ఒకరు అడిగే రోజు కోసం లోపల సర్దిపెట్టుకునేదాన్ని.

బస్సు ఉచితమయ్యాక నేను అడగకుండా గ్రంథాలయానికి వెళ్ళడం మొదలుపెట్టాను. అదే సమయంలో మా ఆయన స్టాండులో లైను కదలడం మానేసింది. ఆటో స్టాండులో ఎవరు ముందొస్తే వాళ్ళది ముందు బేరం, అదే లైను. ఒకప్పుడు పొద్దున ఆఫీసులకు పోయే ఆడవాళ్ళతో చకచకా కదిలే లైను ఇప్పుడు ఎండలో నిలబడిపోయేది. మధ్యాహ్నం ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే ఏమైందని అడగాల్సిన అవసరం ఉండేది కాదు. ఆటోకు కట్టాల్సిన కిస్తీ ఆగదు, పిల్ల బడి ఫీజు ఆగదు. నాకు బస్సులో మిగిలింది పాలకు, కూరగాయలకు పోయేది. ఆయనకు తగ్గింది దానికంటే ఎక్కువ.

స్టాండుకు ఒక పెద్ద ఉన్నాడు. అందరూ పెద్దన్న అంటారు. లైనులో తగాదా వస్తే తీర్చేది ఆయనే, ఎవరి ఆటోకైనా దెబ్బ తగిలితే చందా పోగుచేసేది ఆయనే. కోపం కూడా అంతే. ఆటోవాళ్ళ ఆందోళన మొదలైనప్పుడు ఆయన ఒక మాట పెట్టాడు: మన ఇండ్ల ఆడవాళ్ళెవరూ ఆ బస్సు ఎక్కొద్దు. అందరూ తలలూపారు. మరుసటి రోజు నుంచి మా స్టాపులో కొంగు ముఖానికి చుట్టుకున్న ఆడవాళ్ళ సంఖ్య పెరిగింది. బస్సు కదిలాక కొంగులు దిగేవి, ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్ళు. నేను మాత్రం చుట్టుకోలేదు. పనికి పోయేదానికి ముఖం దాచుకోవడమేమిటని నా పట్టుదల. పట్టుదల నాది, స్టాండులో సూటిపోటి మాటలు మా ఆయనకు.

కొంగు చుట్టుకునే వాళ్ళలో పెద్దన్న భార్య కూడా ఉండేది. ఆమెను నేను వదినా అంటాను. రాంగోపాల్‌పేట్‌లోనే ఒక మిఠాయి దుకాణంలో డబ్బాలు కడుతుంది. "ఆయనకు తెలిస్తే బస్సే కాదు, పనే మానిపిస్తడు. ఇంతకుముందు ఒకపారి మానిపిచ్చిండు, ఏడాది ఇంట్లనే కూసున్న" అని బస్సులో నాతో చెప్పింది. మా దుకాణంలో పారేసే జాకెట్టు ముక్కలన్నీ అతికి ఆమెకొక సంచి కుట్టిచ్చాను. ఎరుపు, ఆకుపచ్చ, మధ్యలో జరీ అంచు. అలాంటిది మళ్ళీ ఇంకొకటి కుట్టలేదు. పెద్దన్న టిఫిన్ డబ్బా అప్పుడప్పుడు ఆ సంచిలోనే స్టాండుకు వచ్చేది. స్టాండులో దాన్ని ఎరగని వాళ్ళు లేరు.

ఒక పొద్దున స్టాపు దగ్గరికి మైకు పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది, వెనక ఫోన్ పట్టుకుని ఇంకొకతను. ఏదో చిన్న వీడియో చానల్. "ఫ్రీ బస్సు మీద మీ ఒపీనియన్ చెప్పండక్కా" అని ఒక్కొక్కరి ముందు మైకు పెడుతుంటే అందరూ ముఖాలు తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేదు. ఎన్నో ఏళ్ళుగా ఎవరో ఒకరు అడగాలని ఎదురుచూస్తున్న ప్రశ్న అది.

"మంచిదే" అన్నాను. "నా అంతట నేను ఎటైనా పోవస్తున్నది. ఒకరిని అడిగే పని లేదు."

"మరి ఆటోవాళ్ళు నష్టపోతున్నరంట?"

"పోతున్నరు. కానీ వాళ్ళు సుత ఆలోచించాలె. మీటర్ ఎయ్యరు. వానొస్తే డబల్ అడుగుతరు. మా ఆయన ఆటోనే నడుపుతడు, ఆయన సుత అడుగుతడు."

ఆ అమ్మాయి కళ్ళు మెరిశాయి. నేను ఆగలేదు. బస్సు ఉచితం ఇచ్చే ముందు ఆటో ఇళ్ళ సంగతి ఆలోచించి ఉండాల్సిందని, ఒక ఇంట్లో ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటే అది సాయం ఎట్లా అవుతుందని, ఆటో నడిపేవాళ్ళకు కిస్తీల్లోనో ఫీజుల్లోనో ఏదో ఒక దారి చూపించాలని, అయినా బస్సు మాత్రం ఆపొద్దని, అన్నీ చెప్పాను. చదివినవన్నీ వరసగా నోటికి వచ్చాయి. బస్సు ఎక్కి కూర్చున్నాక కూడా చెప్పిందంతా లోపల మళ్ళీ చెప్పుకుంటూనే ఉన్నాను. సంతోషంతోనే.

సాయంత్రానికి ఆ వీడియోలోంచి ఒక ముక్క స్టాండువాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఎవరో చానల్ పేరు తీసేసి పంపారు. అందులో ఉన్నది మీటరు, వాన, "మా ఆయన సుత అడుగుతడు". అంతే. పైన పెద్ద అక్షరాలు: ఆటో డ్రైవర్ భార్యే బయటపెట్టింది.

మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు. "లైన్ల నుంచి తీసేసిన్రు" అన్నాడు.

చానల్ పేరు ఆ అమ్మాయిని అడిగి గుర్తుపెట్టుకున్నాను కాబట్టి వెతికి పూర్తి వీడియో తీశాను. పెద్దగా ఎవరూ చూడని వీడియో. ఇద్దరం పక్కపక్కన నిలబడి చూశాం. వాన మాట వచ్చినప్పుడు ఆయన గొంతు సవరించుకున్నాడు. కిస్తీల మాట వచ్చినప్పుడు నా వైపు చూశాడు.

"గింత మంచిగ మాట్లాడినవ్ మా గురించి. రేపు గిది చూపిస్త. ఒక్కొక్కని నోరు మూతపడ్తది."

అప్పుడే ఆయన వేలు ఆగింది. వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. నేను కిస్తీల గురించి మాట్లాడుతున్నంతసేపూ నా భుజం వెనక, కొంగు చుట్టుకున్న ఒక ఆడమనిషి చేతిలో, ఎరుపు, ఆకుపచ్చ, మధ్యలో జరీ.

"పెద్దన్న డబ్బా సంచి గదా ఇది."

"అవును."

"అంటే ఆయన ఇంట్ల సుత..." అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "రూల్ పెట్టింది ఆయనే. ఇగ చూస్కో రేపు తమాషా."

"చూపియ్యకు" అన్నాను.

"మరి నా లైను?"

"ఆమె పని పోతది."

"నా పని పోయింది గదా. నీ నోటి వల్లనే పోయింది." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఒపీనియన్ చెప్పినవ్. మంచిది. ఇప్పుడు దాని బిల్లు ఎవరు కట్టాలె, నేనా, ఆమెనా? చెప్పు, చదువుకున్నదానివి గదా."



మర్నాడు నాకు సెలవు. మనసు ఎక్కడా నిలవక గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడా ఆ ముక్క చేరిపోయింది. బల్ల అవతలి పెద్దమనిషి ఒకాయన, ఉచితాల వల్ల రాష్ట్రం మునిగిపోతుందని రోజూ అనేవాడు, మొదటిసారి నన్ను పలకరించాడు. "ఆటోవాళ్ళకు బాగా బుద్ధి చెప్పావమ్మా. ఏం చదువుకున్నావు?" నేను ఏళ్ళుగా ఎదురుచూసిన ప్రశ్నే అది. జవాబు చెప్పాలనిపించలేదు. బుద్ధి చెప్పలేదండీ అని మాత్రం అన్నాను. ఆయన అప్పటికే పేపరు తిప్పేశాడు.

సాయంత్రం పెద్దన్న నన్ను స్టాండుకు రమ్మన్నాడు. వెళ్ళేసరికి ఆటోలు వరసగా, వాటికి ఆనుకుని మనుషులు. మా ఆయన ఆటో వరసకు దూరంగా, చెత్త డబ్బా పక్కన ఉంది. ఆయన సీట్లోనే కూర్చున్నాడు, ఫోను జేబులో.

"అక్కా, వానల నా ఇంజిన్‌లకు నీళ్ళు పోతే పైసలెవరిస్తరు? డబల్ అడగకపోతే ఎట్ల?" అన్నాడు ఒక కుర్ర డ్రైవరు.

"నీ ఇంజిన్ ఎండల సుత ఆగుతది గదరా" అన్నారు వెనక నుంచి ఎవరో. కొందరు నవ్వారు. పెద్దన్న నవ్వలేదు.

"చూడు చెల్లె, లొల్లి వద్దు. వాళ్ళు కట్ చేసిన్రు, నేను గట్ల అనలే అని ఒక్క నిమిషం ఫోన్ల చెప్పు. గ్రూపుల పెడ్త. మీ ఆయన రేపటి నుంచి లైన్ల పెట్టుకుంటడు. అయిపాయె."

"కట్ చేసిన మాట నిజమే అన్నా. కానీ ఆ మాట నేను అన్నదే. అనలేదని ఎట్ల చెప్పాలె?"

"అంటే నువ్వు అన్నవ్."

"అన్న. ఇంకా చాన సుత అన్న. కిస్తీల గురించి, పిల్లల ఫీజుల గురించి, మీకు ముందే ఒక దారి చూపియ్యాలె అని అన్న."

"గది ఏడుంది మరి? మాకు గదైతే కనబడలే." చెయ్యి చాపాడు. "చూపియ్యి. చూస్తం. మంచిగుంటే నేనే గ్రూపుల పెడ్త."

"చానల్ పేరు చెప్పక్కా, నేను తీస్త" అని ఆ కుర్రవాడు ఫోను బయటికి తీశాడు.

కనబడిన ప్రతి అక్షరం చదివే అలవాటు నాది. "పేరు చూసుకోలే" అన్నాను.

ఎవరో నాలుక చప్పరించారు. "అన్నీ చదువుతది, అదొక్కటి చదువలే." పెద్దన్న చెయ్యి చాపే ఉంచి మా ఆయన వైపు తిరిగాడు. "నువ్వన్నా చూసినవా రా, ఆ మిగిలిన సగం?"

మా ఆయన సీట్లోంచి దిగాడు. జేబులో చెయ్యి పెట్టాడు, ఫోను తీశాడు. తెర వెలిగింది. ముందు రోజు చూసిన వీడియో ఇంకా అందులో తెరిచే ఉంటుందని నాకు తెలుసు. ఆయన నా వైపు చూడలేదు. ఆయన చూపు పెద్దన్న ఆటోలో వెనక సీటు మీదికి పోయింది. ఖాళీ టిఫిన్ డబ్బాతో ఆ సంచి అక్కడే ఉంది. వద్దని చెప్పడానికి నోరు తెరిస్తే అదే అందరికీ చెప్పినట్టవుతుంది.

తెర మీద వేలు పెట్టి కాసేపు ఉంచాడు. తర్వాత ఫోను ఆర్పేసి జేబులో వేసుకున్నాడు.

"చూసిన. మంచిగనే మాట్లాడింది. చూపిద్దమంటే నెట్ అయిపోయింది."

"నెట్ అయిపోయిందట" అని ఎవరో నవ్వారు. పెద్దన్న చెయ్యి దించేశాడు. ఆందోళన అయ్యేదాకా మా ఆటో లైనులో పెట్టొద్దన్నాడు. ఆ మాటలో కోపం కంటే అలసటే ఎక్కువ వినిపించింది. పెద్దన్న ఆటో కూడా ఆ రోజు పెద్దగా కదల్లేదు.

ఆయన ఆటోలోనే ఇంటికి వచ్చాం. గుమ్మం దగ్గర, "ఆటో రేపు ఏడ పెడ్తవ్?" అని అడిగాను.

"ఏడ పెట్టుడు లేదు. తిరుగుడే. గ్యాసంతా తిరుగుడుకే పోతది." చెప్పులు విప్పుతూ అన్నాడు, "వానొస్తే డబల్ మాత్రం అడుగుత. ఎవరికి చెప్పుకుంటవో చెప్పుకో."

మర్నాడు పొద్దున స్టాపులో వదిన నా పక్కకు వచ్చి నిలబడింది. ముఖానికి కొంగు. చేతిలో ఏదో కొత్త సంచి అనుకున్నాను, బూడిద రంగుది. తర్వాత చూస్తే నేను కుట్టిందే, లోపలి వైపు బయటికి తిప్పి పట్టుకుంది. ఎరుపూ ఆకుపచ్చా లోపలికి పోయాయి. నా కుట్లు, ముడులు, కత్తిరించని దారాలు పైకి వచ్చాయి. పూర్తి వీడియో ఆమె కూడా చూసిందని అర్థమైంది.

"గట్టిగనే కుట్టినవ్ చెల్లె" అంది మెల్లగా. "తిప్పినా ఊడలే."

నేను జవాబు చెప్పేలోగా మా ఆయన ఆటో వచ్చింది. ఖాళీగా, నెమ్మదిగా, ఫుట్‌పాత్ పక్కనుంచి. "స్టేషన్, స్టేషన్" అని పిలుస్తూ స్టాపులో నిలబడ్డ మా అందరి ముందు నుంచి వెళ్ళాడు. ఒక్కరూ చెయ్యి ఎత్తలేదు. మా ముందుకు వచ్చినప్పుడు ఆయన చూపు వదిన చేతిలోని సంచి మీద పడి, అక్కణ్ణుంచి నా మీదికి వచ్చి, రోడ్డు మీదికి పోయింది. వెనకాల బస్సు గట్టిగా హారన్ కొట్టింది. ఆయన ఆటోను పక్కకు తీశాడు.

బస్సు ఆగింది. మేము ఎక్కాం.