ట్వైలా చేతికి సరిపడే పిస్తోలు

ఆడవాళ్ళకు తుపాకీ ఎంచిపెట్టే మగవాళ్ళంటే మార్లిస్‌కు ఒళ్ళు మంట. ఆ మంటను ఆమె దాచుకోదు కూడా. బిట్టర్ క్రీక్‌లో ఓర్విల్ తుపాకుల దుకాణం కింద, ఒకప్పుడు వెన్న తీసిన పొడుగాటి గదిలో, శనివారాల్లో ఆడవాళ్ళకు పిస్తోలు కాల్చడం నేర్పుతుంది. కాబట్టి మండిపడడానికి వారానికో కారణం తప్పకుండా దొరుకుతుంది. భర్తో, అన్నో, చేసుకోబోయేవాడో ముందు నడిచి వస్తాడు. ఆవిడ వెనకాలే, పళ్ళు పీకించుకోవడానికి వచ్చిన మొహంతో వస్తుంది. ఆ మహానుభావుడు గాజుబల్ల మీద మోచెయ్యి ఆనించి, "ఈవిడకి చిన్నది, తేలికైనది, చేతిసంచిలో పట్టేది చూపించండి" అంటాడు. ఇంకాస్త ప్రేమ ఎక్కువైనవాడైతే గులాబీ రంగు పిడి ఉన్నది అడుగుతాడు.

చిన్న చేతికి చిన్న తుపాకీ! ఇంతకు మించిన తెలివితక్కువ మాట దక్షిణ డకోటా రాష్ట్రం మొత్తం మీద లేదని మార్లిస్ అభిప్రాయం. బరువున్న తుపాకీ పేలినప్పుడు ఆ దెబ్బలో సగం తానే మింగేస్తుంది. తేలికది అంతా తెచ్చి చేతిలో పోస్తుంది. మొదటి గుండుకే అరచెయ్యి వాచిపోయి, ఇక నావల్ల కాదు బాబోయ్ అని ఆ తుపాకీని మేజోళ్ళ సొరుగులో పడేసి, జీవితంలో మళ్ళీ ముట్టుకోని ఆడవాళ్ళు ఆ జిల్లాలో ఎంతమందో. ఇంట్లో తుపాకీ ఉందన్న ధీమా మాత్రం ఆ మగవాళ్ళకు మిగులుతుంది.

మార్లిస్ తుపాకుల ఇంట్లో పుట్టింది. గొర్రెల మంద మీదికి గుంటనక్కలు వస్తుంటే, కొడుకులు లేని తండ్రి కూతురికే కాల్చడం నేర్పాడు. తరవాత జుట్టు పూర్తిగా నెరిసేదాకా బడి బస్సు నడిపింది. మంచుతుఫానులో దారి కనబడకపోతే బస్సు ఆపేసి, పిల్లలందరిచేత పాటలు పాడించి, రోడ్డు మీది మంచు ఊడ్చే బండి వచ్చేదాకా ఒక్కణ్ణీ ఏడవనివ్వలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకని ఊళ్ళో నలభై దాటినవాళ్ళు కూడా ఆమె ముందు కాస్త ఒద్దికగానే నిలబడతారు.

ఆ మార్చిలో, మంచు కరిగి ఊరంతా బురదగా ఉన్నప్పుడు, గేలెన్ తన అక్క ట్వైలాను తీసుకొచ్చాడు. గేలెన్ ఆమెకంటే ఏడాది చిన్న. పెత్తనం మాత్రం తాతయ్యంత. వస్తూనే జేబులోంచి ఒక బుల్లి రివాల్వరు తీసి బల్ల మీద పెట్టాడు.

"పుట్టినరోజుకి కొనిచ్చా. ఒక్కసారి పేల్చింది, ఏడ్చింది, మళ్ళీ పట్టుకోనంటోంది. కాస్త ధైర్యం చెప్పండి మార్లిస్ గారూ."

"నువ్వు కాల్చావా దీన్ని?"

"నేనా? నాకెందుకు, నాది పెద్దది ఉందిగా."

"అదీ సంగతి" అంది మార్లిస్. ఆ రివాల్వరును రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను తీసినట్టు తీసి పక్కన పెట్టింది. "ఏదీ, చెయ్యి చూపించమ్మా. జాతకం చెప్పనులే."

ట్వైలా కుడిచెయ్యి చాపింది. వృద్ధుల ఆశ్రమంలో దుప్పట్లు ఉతికే చెయ్యి. వేళ్ళు చిన్నవే కాని గట్టివి. మణికట్టు దగ్గర ఎముక ఒక పక్కకి పొడుచుకుని ఉంది. విరిగి, సరిగ్గా అతుక్కోలేదు. అదెలా విరిగిందో మార్లిస్ అడగలేదు, ఊళ్ళో అందరికీ తెలుసు. విరిచినవాడు ఆమె మొగుడు కర్టిస్. అందుకే జైలుకు పోయాడు. ఈస్టరు పండగకి ముందు బయటికొస్తున్నాడు.

ట్వైలా ఇల్లు ఊరికి దూరంగా, కంకర రోడ్డు చివర ఉంది. వాళ్ళమ్మ పోతూ వదిలిన ఇల్లు. రోడ్డు బురదైతే షెరీఫు గారి పోలీసు బండి వచ్చేసరికి తెల్లారిపోయినట్టే. గేలెన్ షరతు పెట్టాడు. పండగలోగా కాల్చడం నేర్చుకుంటే సరి. లేకపోతే ఆ ఇంటికి తాళం వేసి, రెండు మైళ్ళ దూరంలో ఉన్న తన ఇంటి నేలమాళిగలోకి వచ్చెయ్యాలి.

"నేలమాళిగేం బావుండదా అంటే బాగానే ఉంటుందండీ" అంది ట్వైలా నెమ్మదిగా. "టీవీ కూడా పెట్టాడు. కానీ ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ అరవరు. పొద్దున్నే కాఫీ పెట్టుకుని, కోళ్ళకి గింజలేసి, కూర్చుంటా. అంతే. నాకదే కావాలి. ఇప్పుడిప్పుడే దొరికింది."

 "సరే, అయితే పని మొదలెడదాం" అంది మార్లిస్.

బల్ల మీద పాత తువ్వాలు పరిచి, ఆరేడు పిస్తోళ్ళు తెచ్చి పెట్టింది. ప్రతిదీ తెరిచి ఖాళీ అని చూపించింది, ట్వైలాను కూడా వేలు పెట్టి చూడమంది. "ఖాళీ అని తెలిసినా నిండుగా ఉన్నట్టే చూడాలి. మూతి ఎప్పుడూ గోడకేసి. కాల్చాలని తేల్చుకునేదాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. ఇందులో ఒక్కటి మర్చిపోయినా నా గదిలోంచి బయటికి తోస్తా, మీ అమ్మ నా స్నేహితురాలని కూడా చూడను."

కళ్ళు మూసుకుని ఒక్కోటీ పట్టుకోమంది. ఒకదాని పిడి లావు. ఒకదాని ట్రిగ్గరుకు వేలు అందలేదు. మరోదాని పైభాగం వెనక్కి లాగాలంటే ట్వైలా మణికట్టు మొరాయించింది. చివరికి కాస్త బరువైన, అందం చందం లేని ఒక నల్ల పిస్తోలు చేతిలోకి రాగానే ఆమె భుజాలు బిగువు సడలి కిందికి దిగాయి. అలా సడలడం కోసమే మార్లిస్ చూస్తూ ఉంది.

"లాగకు, తొయ్యి. ఎడమచేత్తో పైభాగాన్ని పట్టుకుని అలాగే ఉండు, కుడిచేత్తో పిడిని ముందుకు తొయ్యి. మణికట్టుకి పనిలేదు, అంతా భుజమే చేస్తుంది."

ఠక్కున తెరుచుకుంది. ట్వైలా మొహం వెలిగిపోయింది.

"అది పర్సులో పట్టదు" అన్నాడు గేలెన్.

"నీ నోరు కూడా పట్టదు, ఏం చేస్తాం" అంది మార్లిస్.

అసలు తంటా తరవాత వచ్చింది. చెవులకు మూతలు పెట్టుకుని, గది చివర తగిలించిన కాగితం పళ్ళేనికి గురిపెట్టి కాల్చితే, ట్వైలా గుళ్ళన్నీ పళ్ళెం కింద నేలను తవ్వాయి. తలుపు అద్దం అవతల నిలబడ్డ గేలెన్ గాజు మీద టకటక కొట్టి, "గట్టిగా పట్టుకో! గట్టిగా!" అని సైగలు చేస్తున్నాడు. మార్లిస్ తూటాలు నింపే మేగజీను తీసుకుని, ట్వైలాకు కనబడకుండా నిజం తూటాల మధ్య ఉత్తుత్తి తూటాలు కలిపి ఎక్కించింది. ఇది ఆమె పాత పద్ధతి. ఏది పేలుతుందో, ఏది పేలదో కాల్చేవాళ్ళకు తెలియదు. మొదటిది పేలింది. రెండోది 'క్లిక్' అని ఊరుకుంది. పేలలేదు, కాని పిస్తోలు మూతి మాత్రం పేలినట్టే కిందికి కుంగింది.

"చూశావా? తుపాకీ నిన్నేమీ అనలేదు. ముందే నువ్వు ఉలిక్కిపడ్డావు. దెబ్బ పడుతుందని ముందే ముడుచుకుంటున్నావు."

ట్వైలా మూతి బిగించింది. "అలవాటైపోయిందండీ" అంది.

అది తుపాకీ గురించి అన్న మాట కాదు.  అప్పుడే వెనక గాజు మీద మళ్ళీ టకటక. ట్వైలా మెడ భుజాల్లోకి పోయింది. అది చూసి మార్లిస్‌కు విషయం బోధపడింది. విసురుగా తలుపు తీసింది.

"ఒరే గేలెన్, కెఫేకి పో. ఇవాళ శనివారం, చిల్లీ సూపూ దాల్చినచెక్క రొట్టే ఉంటాయి. తిను. ఇంకోటి కూడా తిను. నేను కబురు పెట్టేదాకా ఇటు రాకు."

"నేను పక్కనుంటే దానికి ధైర్యంగా ఉంటుందని..."

"మూడో తరగతిలో నా బస్సులో నా బూట్ల మీదే కక్కావు. అప్పుడు కూడా నువ్వు పక్కనుంటే ఎవరికీ ధైర్యంగా లేదు. పో నాన్నా, పో."

వాడు గొణుక్కుంటూ పోయాడు. గది నిశ్శబ్దమైంది. వెనక ఎవరూ లేరు, ముందు పళ్ళెం ఉంది. ఉత్తుత్తి తూటాలు కలుపుతూ, పేలనప్పుడల్లా ఇద్దరూ కలిసి మూతి కుంగిందా లేదా అని చూస్తూ, మధ్యాహ్నమంతా గడిపారు. మూతి కుంగని మొదటి 'క్లిక్'కి ట్వైలా చిన్నపిల్లలా గెంతబోయి, చేతిలో పిస్తోలు ఉందని గుర్తొచ్చి ఆగిపోయింది. దానికి మార్లిస్ మెచ్చుకుంది. గురి కుదిరినందుకంటే అలా ఆగినందుకే ఎక్కువ మెచ్చుకుంది.

ఆ తరవాత శనివారాల్లో ట్వైలా ఒక్కతే వచ్చింది. చిల్లులు నేల మీంచి పళ్ళెం అంచుకు, అంచు మీంచి మధ్యకు జరిగాయి. తీసేసిన పళ్ళేలను ఇంటికి పట్టుకుపోయి వంటింట్లో అతికించానని చెప్పింది. ఒకసారి కోడిగుడ్లు తెచ్చింది. మనిషి కాస్త ఒళ్ళు చేసింది కూడా.

పండగ ఇంకా వారం ఉందనగా శనివారం గేలెన్ మళ్ళీ దిగబడ్డాడు. ఈసారి అతణ్ణి బయటికి తరమలేదు, మూల కుర్చీలో నోరు మూసుకుని కూర్చోమంది మార్లిస్. ట్వైలా కొత్త పళ్ళెం తగిలించి, నిలబడి, నిదానంగా కాల్చింది. అన్నీ మధ్యలోనే పడ్డాయి, అరచెయ్యి పెడితే మూసుకుపోయేంత చోటులో. గేలెన్ కుర్చీలోంచి లేచి ఈల వేశాడు.

పిస్తోలు చేతికిచ్చి పంపేముందు మార్లిస్ ప్రతివాళ్ళనూ ఒక ప్రశ్న అడుగుతుంది. మామూలుగా అందరూ ఠక్కున జవాబు చెప్పి, వేరే కబుర్లలో పడిపోతారు.

"వాకిట్లోకి వచ్చేది పళ్ళెం కాదు తల్లీ. పిస్తోలు కింద పెట్టి కళ్ళు మూసుకో. వాడు తలుపు తోసుకుని వచ్చాడు. నీకేం కనిపిస్తోంది?"

ట్వైలా పిస్తోలు కింద పెట్టి కళ్ళు మూసుకుంది. 

"కోటు" అంది.

"ఏం కోటు?"

"ఆ మట్టిరంగు కోటు. క్రిస్మస్‌కి నేనే కొన్నా. చంకలో చిరిగితే నేనే కుట్టా. కుట్టు కనబడకుండా కుట్టడానికి రెండు సాయంత్రాలు పట్టింది." కళ్ళు తెరిచింది. నవ్వబోయి, నవ్వలేకపోయింది. "దాన్ని నేను పాడుచెయ్యలేను మార్లిస్ గారూ. చెయ్యి విరిచినవాడని తెలుసు. అయినా ఆ కోటు మీద కాల్చలేను. అబద్ధమాడదామనే అనుకున్నా, మీతో ఆడబుద్ధి కాలేదు."

మార్లిస్ ప్రాణం ఉసూరుమంది. ఇంత బాగా నేర్చుకున్న మనిషి ఆమెకు ఈ మధ్య తగల్లేదు. అయినా చెప్పవలసిన మాట చెప్పింది. "అయితే ఇది ఇవాళ నీతో రాదమ్మా. నువ్వు కాల్చనని వాడికి ఒక్క చూపులో తెలిసిపోతుంది. లాక్కుంటాడు. అప్పుడు ఆ ఇంట్లో తుపాకీ ఉండేది వాడి చేతిలో."

గేలెన్ ఒంటికాలి మీద లేచాడు. "ఇదేం చోద్యమండీ! ఇన్నాళ్ళు నేర్పి, పళ్ళెం మధ్యలో కొట్టాక, ఇవ్వనంటారా? సరే. అయిపోయింది. ట్వైలా, నడు, సామాన్లు సర్దుకో. మంగళవారం వాడొస్తున్నాడు."

"నేను రానురా."

"కాల్చలేనంటావు. రానంటావు. మరి వాడొస్తే ఏం చేస్తావు?"

"నీకు ఫోన్ చేస్తా" అంది ట్వైలా.

 గేలెన్ మొహంలో రక్తం ఇంకిపోయింది.

ట్వైలా గొంతు పెంచలేదు. "కిందటిసారీ, వాడు నా చెయ్యి విరిచిన రాత్రి, చేశా కదా. నువ్వు ఎత్తావు కూడా. పొద్దున మాట్లాడదాంలే అన్నావు. ఆ తరవాత నాకు రివాల్వరు కొనిచ్చావు. కొత్త తాళాలు కొనిచ్చావు. నేలమాళిగలో టీవీ పెట్టించావు. ఒరే గేలెన్, నేను నిన్ను తుపాకీ అడగలేదురా. రమ్మన్నాను."

 అంత పెత్తనం చేసే గేలెన్ టోపీ తీసి, దాని అంచు తిప్పుతూ నిలబడ్డాడు. మార్లిస్‌కు అతని మీద జాలి వేసింది. అంతకు ముందు ఎప్పుడూ వెయ్యలేదు.

"మీ ఇద్దరి గొడవేలే అనుకున్నా" అన్నాడు. "అటు తిరిగి పడుకున్నా. ఆసుపత్రిలో నీ చెయ్యి చూశాక..." మాట పూర్తి కాలేదు. చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. ట్వైలా వేచి చూసింది, సాయం చెయ్యలేదు.

"సోమవారం నుంచి నేనొచ్చి మీ ఇంట్లో ఉంటా. హాల్లో సోఫా మీద పడుకుంటా. నీకు ఇక చాలనిపించేదాకా."

"చెబుతున్నావా, అడుగుతున్నావా?"

గేలెన్‌కు ఆ తేడా అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఇంతవరకూ అతను అక్కను ఏదీ అడిగినవాడు కాదు.

"అడుగుతున్నా" అన్నాడు. "రానా?"

"రా" అంది ట్వైలా.