ఇంజిన్ ఒకరిది, క్లచ్ ఒకరిది

రామాంజికి అసూయ లేదంటే ఆయన్ని ఎరిగినవాళ్లెవరూ నమ్మరు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. కానీ అసూయను తీసేసి చెబితే ఆ మనిషి రామాంజి కాడు, ఇంకెవరో అవుతాడు.

కాటన్‌పేటలో దూది మూటలు మోయడానికి బాగేపల్లి దిక్కు నుంచి ఆయన తాత వచ్చాడు. తండ్రి అవే మూటలు మోసి నడుము వంగిపోయాడు. ఆ ఇంట్లో మొదటిసారి పానా పట్టినవాడు రామాంజి. సందు లోపల రేకుల షెడ్డు, దాని ముందర రెండు ఆటోలు నిలబడేంత జాగా. ముప్ఫై ఏళ్లు అక్కడే ఆటోలు బాగు చేశాడు. ఇంకో రకం బండి ముట్టలేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్ మీద పెట్టి, పిడిని చెవి పక్క ఎముకకు ఆనించి కళ్లు మూసుకుంటే, లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. పాత ఆయిల్ దించినప్పుడు రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, గేరు తగ్గించకుండానే ఫ్లైఓవర్ ఎక్కించినావు గదప్పా అని డ్రైవర్‌ను నిలదీసేవాడు. చాలాసార్లు నిజమే అయ్యేది. కానప్పుడు కూడా ఆయన ముఖం చూసి డ్రైవర్లు ఒప్పుకునేవాళ్లు.

మెకానిక్‌కు ఎంత పేరుందో ఆ సందులో తేలేది ఆయుధపూజ నాడు. డ్రైవర్లు బండికి అరటి మొక్కలు కట్టి, చేమంతి దండలు వేసి, ఎవరి చేతి మీద నమ్మకముంటే వాళ్ల షెడ్డు ముందు తెచ్చి నిలబెడతారు. గుమ్మడికాయ కొట్టాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండి స్టార్టు చేసి ఇచ్చేది మెకానికే. రామాంజి షెడ్డు ముందు మొదటి జాగా ఎప్పుడూ జ్ఞానప్రకాశం ఆటోది. అద్దం దగ్గర సిలువ వేలాడే ఆటో అది. జ్ఞానప్రకాశం ఆదివారం చర్చికి పోయేవాడు, ఆయుధపూజకు గుమ్మడికాయ కొట్టేవాడు. రెండింటికీ మధ్య గొడవేమిటో ఆయనకు ఎన్నడూ తోచలేదు. పద్దెనిమిదేళ్లలో ఆ బండి మీద ఇంకో మెకానిక్ చెయ్యి పడలేదు.

అంతా బాగానే ఉండేది, సందు మొదట్లో దేవరాజ్ షాపు తెరవకపోయి ఉంటే. దేవరాజ్ ఎవరో కాదు, రామాంజి భార్య అలివేలుకు తమ్ముడు. పానా పట్టడం దగ్గర నుంచి పని మొత్తం నేర్పింది రామాంజే. రామాంజి లెక్కలో, నేర్చుకున్నవాడు నేర్పినవాడి కింద పనిచేయాలి, లేదంటే ఇంకో పేటకు పోవాలి. దేవరాజ్ రెండూ చేయలేదు. బావకు పోటీ కాకూడదని ఆటోలు వదిలేసి కార్లు, ట్యాక్సీలు పట్టుకున్నాడు. ఆ మర్యాద కూడా రామాంజికి నచ్చలేదు. పోటీకి వచ్చి ఉంటే తిట్టడానికైనా వీలుండేది.

ఆ షాపుకు ఇనప షట్టరు, లోపల నాలుగు కుర్చీలు, మంచినీళ్ల క్యాను. ఎలక్ట్రానిక్ సిటీకి తిరిగే ట్యాక్సీలు, సర్జాపుర అపార్ట్‌మెంట్ల కార్లు వెతుక్కుంటూ వచ్చేవి. టీ అంగడి ఆ షాపుకు ఎదురుగా ఉండేది. అంతకుముందు రోజుకు ఒక్క టీ తాగే రామాంజి నాలుగు తాగడం మొదలుపెట్టాడు. గ్లాసు పట్టుకుని, అటు చూడనట్టే చూస్తూ, లోపల ఎన్ని కార్లున్నాయో చూసుకుని వచ్చేవాడు. మూడుంటే ఆ పూట అన్నం సహించేది కాదు. ఒక్కటీ లేకపోతే, పాపం వానికి గిరాకీ లేదే అని అలివేలు దగ్గర జాలిపడేవాడు. ఆ జాలి వినడానికి బాగుండేది కాదు. నా తమ్మునికి నీ దిష్టే చాలు, వేరే శత్రువులు అక్కర్లేదు అని ఆమె అనేది.

దేవరాజ్ కార్లకు ఆయిల్ మార్చాక, అడిగినవాళ్లకు అందులో ఒక నీలం సీసా పోసేవాడు. పోసిన పది నిమిషాలకు ఇంజిన్ చప్పుడు మెత్తబడేది. కార్లవాళ్లు సంబరపడిపోయేవాళ్లు. రామాంజికి ఇది ఒళ్లు మండే సంగతి. ఆయిల్ చేసేవాడు పిచ్చోడా, కలపాల్సింది వాడే కలిపి అమ్ముతాడు, దాని మీద మళ్లా ఇంకొకటి ఎందుకని షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. చప్పుడనేది బండి తన నొప్పి చెప్పుకోవడమనీ, నోరు నొక్కితే నొప్పి పోదనీ అనేవాడు. మాట న్యాయమైనదే. కానీ అది న్యాయం కోసం చెబుతున్న మాట కాదని విన్నవాళ్లకు తెలిసిపోయేది.

ఒక దసరాకు పది రోజుల ముందు జ్ఞానప్రకాశం ఆటోలో టకటకమని చప్పుడు మొదలైంది. రామాంజి స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాడు. పైభాగంలో రాకర్ అరిగింది, ఇంజిన్ విప్పాలి, రెండు రోజులు పడుతుందన్నాడు. పండగ ముందు గిరాకీ రోజులు, రెండు రోజులు బండి నిలబెట్టలేనని జ్ఞానప్రకాశం తల గోక్కున్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

"దేవరాజ్ దగ్గర సీసా ఏదో ఉండాదంట గదన్నా, చప్పుడు పోతాదంట. వాన్ని ఒక మాట అడిగేదా?"

రామాంజికి ఆ తర్వాత ఇంకేమీ వినిపించలేదు. పద్దెనిమిదేళ్ల మనిషి, తన షెడ్డులో, తన స్టూలు మీద కూర్చుని ఆ పేరు ఎత్తాడు. రేపు రమ్మన్నాడు, ఇంజిన్ విప్పకుండానే చూస్తానన్నాడు.

ఆ మధ్యాహ్నం జేసీ రోడ్డుకు పోయి నీలం సీసా కొన్నాడు. కాటన్‌పేటలో కొంటే తెలిసిపోతుంది. సీసా మీద చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. మామూలుగా ఏ డబ్బా మీదదైనా కూతురు సహన చేత చదివించుకుంటాడు. ఇది చదివించడమంటే కొన్నట్టు ఒప్పుకోవడం. అలాగే సంచీలో వేసుకుని తెచ్చాడు.

మరునాడు జ్ఞానప్రకాశం టీకి పోయిన సమయంలో సీసా మొత్తం పోసేశాడు. పోసేటప్పుడు ఒక సంగతి గుర్తుకు రాలేదని చెప్పుకోవడానికి లేదు. గుర్తుకొచ్చింది. కారుకు క్లచ్ వేరుగా, పొడిగా ఉంటుంది. ఆటోకు అలా కాదు, క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే నానుతూ ఉంటాయి. ఇంజిన్‌ను నున్నగా తిప్పేది ప్లేట్లను కూడా నున్నగా చేస్తుంది, అప్పుడు అవి ఒకదాన్నొకటి పట్టుకోవు. ఇవన్నీ ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అయినా, చిన్న సీసానే గదా అనుకున్నాడు.

చప్పుడు తగ్గింది. జ్ఞానప్రకాశం వచ్చి విని, ఏం చేసినావన్నా అని అడిగాడు. ఏమీ లేదప్పా, సుమ్నే, ఊరికే కొంచెం సర్దినా అన్నాడు రామాంజి. నీ చెయ్యే చెయ్యి అని జ్ఞానప్రకాశం టీ అంగడి దగ్గర నలుగురిలో చెప్పాడు, దేవరాజ్‌కు వినిపించేలా. ఆ రెండు రోజులు రామాంజి టీ తాగడానికి పోలేదు. అవసరం పడలేదు.

మూడో రోజు ఉదయం, ముగ్గురు ప్యాసింజర్లతో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ గోల పెట్టింది, బండి మాత్రం ముందుకు పోలేదు. యాక్సిలేటర్ తిప్పేకొద్దీ చప్పుడే పెరిగింది. వెనక బస్సు హారన్ కొట్టింది. ప్యాసింజర్లు దిగి తిట్టుకుంటూ నడిచారు. స్టాండులోని ఇంకో డ్రైవర్ తన ఆటోలోనే కూర్చుని, ఒక కాలు చాపి జ్ఞానప్రకాశం బండి వెనక ఆనించి, కాటన్‌పేట దాకా తోసుకొచ్చాడు. సందు మొదట్లోకి వచ్చేసరికి ఆ కాలు పట్టేసింది. బండి దేవరాజ్ షాపు ముందు ఆగింది.

రామాంజికి కబురు అందేసరికి అక్కడ ఆయిల్ దించడం అయిపోయింది. ఆయన వెళ్లేటప్పటికి దేవరాజ్ చేతులు తుడుచుకుంటూ జ్ఞానప్రకాశంతో చెబుతున్నాడు: ప్లేట్లు పాతబడినాయి, ఎన్నేళ్లయిందో, ఎవరి తప్పూ కాదు, కొత్తవి వేస్తా. జ్ఞానప్రకాశం తల ఊపాడు. రామాంజి అక్కడి నుంచే వెనక్కి వచ్చేశాడు.

సాయంత్రం దేవరాజ్ షెడ్డుకు వచ్చాడు. స్టూలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

"దించిన ఆయిల్ చూస్తానే తెలిసింది. ఆ సీసా నేను కార్లకు పోస్తా బావా. ఆటోకు పోయను. పొయ్యమని ఎంతమంది అడిగినా పోయలేదు. ఎందుకో తెల్సా? ఆ మాట నాకు చెప్పినోడివి నువ్వే."

రామాంజి పానా తుడుస్తూ ఉన్నాడు.

"జ్ఞానన్నకు నేను చెప్పలే. అక్కకు కూడా చెప్పలే. నువ్వు బేజారు కావద్దు" అన్నాడు దేవరాజ్.

తిట్టి ఉంటే బాగుండేది. నలుగురిలో పెట్టి నవ్వి ఉన్నా బాగుండేది. కార్లున్నాయి, కుర్చీలున్నాయి, ఇప్పుడు పెద్దమనసు కూడా వాడిదే అయింది. ఇక మిగిలిందేమిటి? ఆ రాత్రి అలివేలు వడ్డిస్తుంటే, మీ తమ్ముడు మంచోడే అన్నాడు. పెళ్లైన ఇరవై ఆరేళ్లలో ఆ మాట వినని మనిషి కాబట్టి, జ్వరం వచ్చిందేమోనని ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

తెల్లారి ఆటో స్టాండుకు నడిచిపోయి జ్ఞానప్రకాశాన్ని పక్కకు పిలిచాడు.

"ప్లేట్లు పాతబడలేదప్పా. నేను సీసా పోసినా, నీకు చెప్పకుండా. దేవరాజ్ నన్ను కాపాడాలని అట్ల చెప్పినాడు."

ఇది నిజాయితీ అని ఆ సందులో చాలామంది తర్వాత మెచ్చుకున్నారు. అలివేలుకు మాత్రం అసలు సంగతి తెలుసు. దేవరాజ్ దయ కింద ఒక్క పూట బతకడం కన్నా, జ్ఞానప్రకాశం ముందు దొంగగా నిలబడడమే ఆయనకు తేలికైంది.

జ్ఞానప్రకాశం కోప్పడలేదు. చాలాసేపు సీటు మీది దుమ్ము దులిపాడు.

"బాధ సీసా పోసినందుకు కాదన్నా. నీ చెయ్యి అని నలుగురికి చెప్పుకున్నా సూడు. దానికి" అన్నాడు. ప్యాసింజర్ రాగానే వెళ్లిపోయాడు.

ఆయుధపూజ నాడు రామాంజి షెడ్డు ముందు పదకొండు ఆటోలు నిలిచాయి. మొదటి జాగాలో ఎవరినీ నిలబెట్టనివ్వలేదు. పొద్దు వాలేదాకా చూశాడు. జ్ఞానప్రకాశం ఆ ఏడు స్టాండులోనే తన గుమ్మడికాయ తనే కొట్టుకున్నాడని, దేవరాజ్ షాపుకు కూడా పోలేదని సహన వచ్చి చెప్పింది. రెండో మాట విన్నాకే రామాంజి చేతులు కడుక్కుని ఇంట్లోకి వచ్చాడు.

రెండు నెలల తర్వాత, ఏమీ జరగనట్టే, ఆటో వచ్చి షెడ్డు ముందు ఆగింది. టకటక మళ్లీ మొదలైంది. ఈసారి విప్పు, రెండు రోజులైనా మూడు రోజులైనా సరే అన్నాడు జ్ఞానప్రకాశం. అయితే ఒక షరతు పెట్టాడు. ఇంజిన్ పని రామాంజిది, క్లచ్ పని దేవరాజ్‌ది. రెండూ ఒక్క పెట్టెలో, ఒక్క ఆయిల్‌లో నానేవే. వాటిని ఇద్దరి మధ్య ఎట్లా పంచుతావని ఏ మెకానిక్ అయినా నవ్వుతాడు. రామాంజి నవ్వలేదు, కాదనలేదు. పోయేదాకా ఆ ఒప్పందం ప్రకారమే నడుచుకున్నాడు. క్లచ్ కేబుల్ వదులైనా సరే, తను ముట్టకుండా బండిని సందు మొదట్లోకి పంపేవాడు. పంపిన రోజు అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

ఆ మొదటిసారి మాత్రం, ఇంజిన్ విప్పి, రాకర్ మార్చి, బండి అప్పజెప్పాక, ఉండబట్టలేక అడిగేశాడు.

"క్లచ్ ఎట్లుండాది?"

"బాగుండాదన్నా."

"ఎంత బాగుండాది?"

జ్ఞానప్రకాశం ఆ ముఖం కేసి చూశాడు. పద్దెనిమిదేళ్లుగా తెలిసిన ముఖం.

"నీ ఇంజిన్ అంత లేదులే" అని ఆటో తిప్పుకుని వెళ్లిపోయాడు.

అది అబద్ధమని రామాంజికి తెలుసు. ఆ ప్లేట్లు ఎంత బాగా కూర్చున్నాయో ఆయన కంటే బాగా ఎవరికి తెలుస్తుంది? అయినా ఆ మాటను ఇంటికి తీసుకుపోయి అలివేలుకు రెండుసార్లు చెప్పాడు.