చిక్కమునియప్ప చెవిన పడిన బంగారం

బెంగళూరు కె.ఆర్.పురం స్టేషన్ వెనక ఉన్న మా వీధిలో చిక్కమునియప్పగారిని కొత్తవాళ్లు చూస్తే జపం చేసుకుంటున్నాడనుకుంటారు. పొద్దున్నే చెవులకు నల్లటి డిప్పలు తగిలించుకొని, కళ్లు సగం మూసి, పొడుగాటి మిషన్‌ను నేలకు తగిలీ తగలకుండా ఊపుకుంటూ ఖాళీ సైట్లలో తిరుగుతుంటారు. జపం కాదు, ఆయన వెతికేది బంగారం.

ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద ముప్ఫై రెండేళ్లు పనిచేసి రిటైరయినప్పుడు అందరూ మంచి వాచీ కొనుక్కోమన్నారు. ఆయన మెటల్ డిటెక్టర్ తెప్పించుకున్నారు. నేలలో లోహం ఉంటే అది చెవిలో కూస్తుంది. మూడేళ్లుగా కూస్తూనే ఉంది. సోడామూతలు, మేకులు, ఒక గరిటె కాడ, ఎవరిదో స్కూటర్ తాళంచెవి దొరికాయి. బంగారం మాత్రం పలకలేదు.

"ఏమయ్యా, ఈపొద్దు ఎంత బంగారం?" అని భార్య గౌరమ్మ గుమ్మంలోనే అడుగుతుంది.

"నాలుగు మేకులుండాయి."

"పదిలంగా పెట్టు. మనవరాలికి వడ్డాణం చేయిద్దాం."

తవ్విన ప్రతి గుంటనూ పూడ్చి, కాలితో అదిమి వచ్చే మనిషి ఆయన. మేకులను అక్కడే పారేయకుండా డబ్బాలో వేసుకొని వస్తారు. చెప్పుల్లేకుండా ఆడుకునే పిల్లల కాళ్లను ఆ దేవుడు ఈయన చేతుల మీదుగానే కాపాడుతున్నాడని నాకనిపిస్తుంది. ఆయనకు మాత్రం అవన్నీ ఓడిపోయిన రోజులే.

మొన్న శ్రావణంలో ఒక గురువారం పొద్దున తొమ్మిదింటికి ఎదురింట్లో అద్దెకుండే వరూధిని పరుగెత్తుకొచ్చింది. నరసరావుపేట అమ్మాయి. భర్త సుధీర్‌కు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. వీధి చివర సైటు కొనుక్కొని, ముందురోజే భూమిపూజ చేసుకున్నారు.

"అంకుల్, మీ మిషన్ తీసుకుని ఒక్కసారి రండి. నా తాళిబొట్లు పోయాయి."

మెడలో పసుపుతాడు ఉంది. దానికి పసుపుకొమ్ము మాత్రమే ఉంది.

పాత తాడు నలిగిందని పూజనాడు కొత్త తాడు తీసిందట. పంతులుగారి చేత అక్షతలు వేయించి గుచ్చుకుందామని బొట్లు రెండూ కాగితంలో పొట్లం కట్టి పళ్లెంలో పెట్టి, అందాకా కొమ్ము కట్టుకుంది. పునాదిలో వేయడానికి నగర్తపేటలో కొన్న పంచలోహాల పొట్లమూ ఆ పళ్లెంలోనే ఉంది. పంతులుగారు చెప్పగానే దాన్ని నవధాన్యాలున్న మట్టిముంతలో వేసింది. ముంతను ఈశాన్యమూలలో పూడ్చారు. తర్వాత చూస్తే పళ్లెం ఖాళీ. ఇల్లూ దారీ ఎంత వెతికినా బొట్ల పొట్లం కనబడలేదు.

"ఆయన కొత్తవి చేయిద్దామంటున్నారు. కానీ పుట్టింటి బొట్టు మా అమ్మమ్మ కమ్మలు కరిగించి చేయించింది అంకుల్. పునాదిలో జారిందేమో. పదకొండింటికి కాంక్రీటు లారీ వస్తుంది."

చిక్కమునియప్పగారు కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి లేచారు. గౌరమ్మ కూడా కొంగు బిగించుకొని వెంట నడిచింది.

సైటులో మేస్త్రీ జోగయ్య, శ్రీకాకుళం మనిషి, ఎదురొచ్చాడు. "ఏటండీ పెద్దాయన, మేం తవ్వింది సాల్లేదా?"

మిషన్ కూసింది. తవ్వితే కట్టుతీగ ముక్క. మళ్లీ కూసింది. మేకు.

"ఎన్ని కేరెట్లండీ అది?" అన్నాడు జోగయ్య. కూలీలు నవ్వారు.

"సుమ్నే ఉండప్పా, గమ్మునుండి విననీ," అన్నారు చిక్కమునియప్పగారు.

పదిన్నరకు ఈశాన్యమూల చేరారు. అక్కడ కూత మారింది. మెత్తగా, నిండుగా వినిపించింది. ఆయన కళ్లు పూర్తిగా తెరిచారు.

"అది నిన్న పాతిన ముంతేనండీ. పంచలోహాలున్నాయి కదా, కుయ్యదేటి?" అన్నాడు జోగయ్య.

వరూధిని ఇటుకల మీద కూలబడింది. ఆయన మాత్రం కదల్లేదు.

"ఏమ్మా, ఆ పంచలోహాల పొట్లంలో లోహం ఎంతుండె?"

"ఒక్కోటి గోటి మొనంత, అంకుల్."

"ముంతలో రూపాయి బిళ్లలేమన్నా వేసినావా?"

"లేదు."

"అయితే కూసేది పంచలోహం కాదు తల్లీ. గోటి మొనంతది జానెడు మట్టి కింద ఉంటే దీనికి వినపడనే వినపడదు. నువ్వు ఆ గాబరాలో పొట్లాలు మార్చినట్లుండావు."

జోగయ్య గడ్డపార కింద పెట్టేశాడు. "పూజ చేసి పాతిన ముంత నేను ముట్టనండీ."

చిక్కమునియప్పగారికీ చేయి ఆడలేదు. "నా చెవి తప్పయితే ఈ బిడ్డ ఇంటికి నేనే కీడు చేసినట్లవుతాది," అని గౌరమ్మ వైపు చూశారు. మూడేళ్లు ఎగతాళి చేసిన గౌరమ్మ, "నీ చెవి ఎప్పుడు తప్పింది? మేకన్నావంటే మేకే వచ్చె గదా," అంది.

వరూధిని పంతులుగారికి ఫోన్ చేసింది. ఆయన అంతా విని, "భూమాత అమ్మే కదమ్మా. బిడ్డ పొరపాటున ఇచ్చిన తాళిని ఆమె ఉంచుకోదు. దణ్ణం పెట్టి తియ్యండి. నేను వచ్చి మళ్లీ పూజ చేయిస్తాను," అన్నారు.

అంతలో లారీ హారన్ వినబడింది. ఇందాక వేళాకోళమాడిన జోగయ్యే పరుగెత్తి వెళ్లి డ్రైవరును ఆపి, టీ తాగడానికి లాక్కుపోయాడు.

ముగ్గురూ నేలకు మొక్కారు. చిక్కమునియప్పగారు వేళ్లతోనే మట్టి తోడి ముంత మూత తీసి, పక్కకు తప్పుకున్నారు. గౌరమ్మ ధాన్యంలో చెయ్యి పెట్టి, పసుపంటిన కాగితం విప్పింది. రెండు బొట్లూ ఉన్నాయి. వరూధిని కళ్లకద్దుకొని ఏడ్చేసింది. గౌరమ్మే తాడుకు గుచ్చి ఆమె మెడలో వేసింది. పంచలోహాల పొట్లం ఆ పునాది మట్టిలోనే ఎక్కడో జారి ఉండిపోయి ఉంటుందని విని, పంతులుగారు ఫోనులోనే నవ్వి, అది చేరాల్సిన చోటికే చేరిందన్నారు.

తిరిగి వస్తుంటే గౌరమ్మ అంది: "మూడేండ్లకు బంగారం దొరికితే వేలు కూడా తగిలించకపోతివి గదయ్యా."

"ఒకరి తాళి మనం ముట్టుకుంటామా? వింటిని, చాలు. ఎంత బాగా పలికె!"

"ఎట్ల పలికె?"

ఆయన నడివీధిలో ఆగి, డిప్పలు తీసి ఆమె చెవులకు పెట్టారు. ఆమె వేలికున్న పెండ్లినాటి ఉంగరం దగ్గరికి మిషన్ తెచ్చారు. గౌరమ్మ ముఖం విప్పారింది.

"తియ్యయ్యా, జనం చూస్తాండారు," అంది. డిప్పలు మాత్రం ఇల్లు చేరేదాకా ఇవ్వలేదు.