ఎటు పేర్చినా మిగిలే టైల్

ఆ టైల్స్ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ లెక్కల వదిన అనేవారు. చదివింది ఏడో తరగతి, అదీ సగం. అయినా ఎన్ని టైల్స్ చూపించినా, ఎన్నేసి చొప్పున ఎన్ని వరసలు పెడితే ఒక్కటీ మిగలదో రెప్పపాటులో చెప్పేసేది. ఆ లెక్కలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంది. దాన్ని సొంత మరిదే కొట్టేశాడు. అతనికి అక్కడ పని ఇప్పించిందీ ఆమే! బుక్కు తనదేనని యజమానికి చూపించి సూపర్‌వైజరయ్యాడు. వదిన నోరు విప్పుతుందని ట్రేలు కడిగే తొట్టి దగ్గరికి తోసేశాడు.

మూడేళ్లు కడిగింది. ఆ కోపానికి ట్రేలు అరిగి కాగితాలయ్యాయంటారు. తోముతూ తోముతూ సబ్బు నురగ మీద వేలితో భాగహారాలు చేసేది. దేనికీ లొంగని అంకె ఒకటి కావాలామెకు. దొరికింది. దొరికాక నోరు మూసుక్కూచుంది.

యజమాని వచ్చిన రోజున మరిది రెచ్చిపోయాడు.

"వెయ్యి దాటిన అంకె ఏదైనా చెప్పండి, సమానంగా వరసలు పేరుస్తా. ఒక్కటి మిగిలినా బుక్కు వదిలేసి ట్రేలు కడుక్కుంటా!"

"వెయ్యీ తొమ్మిది, మరిదీ," అంది వదిన చేతులు తుడుచుకుంటూ.

"ఓస్, ఇంతేనా వదినా! వెయ్యీ ఎనిమిదిని ఎన్ని రకాలుగా పేర్చలేదూ? ఒక్కటెక్కువైతే ఏమవుతుంది?"

రెండు నుంచి మొదలుపెట్టాడు. ఏడేసి పేరిస్తే ఒకటి మిగిలింది. పదకొండేసి పేరిస్తే ఎనిమిది. పంతొమ్మిదేసి పేరిస్తే రెండు. "దగ్గరికొచ్చేశా!" అని అరిచాడు. ముప్పై ఒకటేసి పేరిస్తే ఏకంగా పదిహేడు మిగిలాయి. అక్కడితో ఆగిపోవచ్చని వదినకు తెలుసు. చెప్పలేదు. నలభై, యాభై, వంద దాకా పేర్చనిచ్చింది. మనిషి నడుం కొడవలిలా వంగిపోయింది.

"పోనీ, ఒకటే వరస!" అన్నాడు చివరికి. ఆ వరస గేటు దాటి, రోడ్డు దాటి, టీ కొట్టు బల్ల కిందికి దూరింది.

"ఒక్క వరసని వరసలంటారా?" అని యజమాని వదిన వైపు తిరిగాడు. "ఎక్కడ ఆగాలో నీకు తెలుసా అమ్మా?"

"ముప్పై ఒకటి దగ్గరండీ. ముప్పై రెండు ముప్పై రెళ్లే వెయ్యీ తొమ్మిది దాటిపోయాయి. అంతకంటే పొడుగు వరసలు పెడితే వరసల లెక్క ముప్పై రెండు కంటే తక్కువవ్వాలి. ఆ అంకెలన్నీ అప్పటికే తన్నేశాయి కదండీ."

యజమాని మరిది వైపు తిరిగాడు. "నీ బుక్కేగా, నీకెందుకు తెలీలేదు?"

"పేర్చడానికొచ్చే అంకెలే రాశానండీ అందులో," అంది వదిన. "రానివి నా బుర్రలోనే ఉంచుకున్నా. అవెలా కొట్టేస్తాడు?"

బుక్కు ఆమె చేతికొచ్చింది. మరిది తొట్టి దగ్గరికెళ్లాడు. మర్నాడు పొద్దున్నే ఆమె వచ్చి, ఏడేసి పేర్చినప్పుడు మిగిలిపోయిన టైల్‌ని అతని చేతిలో పెట్టింది.

"ముందు ఇది తోము."

తోమాడు. మళ్లీ తోమమంది. అలా నెల రోజులు.

"టైల్ మీది పువ్వే చెరిగిపోయింది, ఇక వదిలెయ్ వదినా!"

"ఇంకా వెయ్యీ ఎనిమిదున్నాయి మరిదీ."