గురువారం ఆటలో రెండో ఏడుపు

తియెబో గారికి ఒకటే జబ్బు. ఏ సినిమానూ తీసినవాడు తీసినట్టు ముగియనిచ్చేవారు కారు. ఆఖరి రీలు ఎక్కించే ముందు ప్రొజెక్టరు గదిలోంచి తల బయటపెట్టి, కింద టికెట్లమ్మే సొలాంజ్‌ను కేకేసేవారు.

"అమ్మాయ్! ఇవాళ హీరోని చంపమంటావా, ఉంచమంటావా?"

శనివారం తూల్ పట్నం పక్క శిబిరంలోని అమెరికా సైనికులొస్తారు కాబట్టి హీరో బతకాలి, పెళ్ళాడాలి. మిగతా రోజులు మన ఊరివాళ్ళు. "ఒక్క శవమైనా లేకపోతే అదేం సినిమా అండీ?" అని కసాయి ఫెర్నాన్ నిలదీసేవాడు. సముద్రానికి అవతలివాడికి పెళ్ళి కావాలి, ఇవతలివాడికి చావు కావాలి. తియెబో గారి దగ్గర కత్తెర ఉండనే ఉంది. చచ్చే సీను లేకపోతే ఇంకో సినిమాలోంచి తెచ్చి అతికించేవారు. నున్నగా గీసుకున్న హీరో, చచ్చే వేళకి గుబురు గడ్డంతో కనిపించేవాడు.

"గడ్డం ఎక్కడిదండీ?"

"కష్టాల్లో ఉన్నవాడు గీసుకుంటూ కూర్చుంటాడటే!"

సొలాంజ్‌కు ఇవన్నీ నవ్వులాటే, గురువారం మధ్యాహ్నం తప్ప. ఆ ఆటకి ఒక్కటే టికెట్టు తెగేది. యుద్ధంలో మొగుణ్ణి పోగొట్టుకున్న మదాం దిదలోది. ఆఖరి రీలు తిరుగుతుంటే మూసిన తలుపు వెనక ఇద్దరి ఏడుపు వినబడేది. ఒకటి ఆవిడది. రెండోది మగగొంతు, నూతిలోంచి వస్తున్నట్టు. దీపాలు వెలిగాక ఆవిడ ఒక్కతే బయటికొచ్చేది. సొలాంజ్ లోపలికెళ్ళి చూస్తే, ఆవిడ వెనక కుర్చీ ఎవరో అప్పుడే లేచినట్టు వెచ్చగా ఉండేది.

"హాల్లో దయ్యముందండీ!"

"ఉండనీవే పాపం. దాని ఏడుపు దానిది," అనేవారు తియెబో గారు.

కత్తెర సంగతి యజమాని యురెల్ గారి చెవిన పడింది. ఒక గురువారం ఆయనే వచ్చి సొలాంజ్ పక్కన నిలబడ్డారు.

"ఇవాళ ఒక్క ముక్క కోశాడా, రేపట్నుంచి ఇంట్లో కూర్చుంటాడు!"

సరిగ్గా అప్పుడే పైనుంచి కేక. "చంపమంటావా, ఉంచమంటావా?"

"ఉంచండి! మీకు పుణ్యముంటుంది, ఉంచండి!"

"గురువారం ఉంచడమేమిటే, మతిపోయిందా?" తల లోపలికి పోయింది.

కాసేపటికి తలుపు సందులోంచి చూస్తే, తెరమీద హీరోకి గడ్డం మొలిచింది, ప్రాణం పోయింది. లోపల రెండు ఏడుపులూ మొదలయ్యాయి. యురెల్ గారి మొహం పాలిపోయింది.

"టికెట్లెన్ని?"

"ఒకటేనండీ."

తలుపు తోసి టార్చి వేశారు. మదాం దిదలో వెనక కుర్చీలో తియెబో గారు, నోరంతా తెరిచి ఏడుస్తూ. కంట్లో చుక్క నీరు లేదు. యజమానిని చూడగానే మునివేళ్ళ మీద వచ్చి గుమ్మం దగ్గర గుసగుసలాడారు.

"ఒంటరిగా ఏడవాలంటే ఆవిడకి సిగ్గండీ. ఒకసారి నోరు నొక్కుకుని సగంలో లేచి వెళ్ళిపోయింది. తోడు ఏడిస్తే కడుపారా ఏడుస్తుంది. అందుకే రీలు ఎక్కించి దిగొస్తాను."

చెప్పి మెట్లెక్కి మాయమయ్యారు. ఆట అయ్యాక యురెల్ గారు మదాం దిదలోకు ఎదురెళ్ళారు.

"క్షమించాలమ్మా, అసలు సినిమాలో అతను బతికే ఉంటాడు."

"తెలుసులే నాయనా. నా ఏడుపు పోయినేడే అయిపోయింది. ఇప్పుడు నాకూ అమెరికావాళ్ళలా పెళ్ళితో ముగిసేవే ఇష్టం. కానీ నా వెనక ఒకాయన కూర్చుంటాడు. ఏం కష్టమో, గుండె పగిలేలా ఏడుస్తాడు. తిరిగి చూస్తే సిగ్గుపడతాడని చూడను. ఒక్కణ్ణే ఎలా వదిలేయను చెప్పు? వచ్చి నేనూ నాలుగు ఏడుపులు ఏడుస్తాను."

ఆవిడ వెళ్ళిపోయింది. యురెల్ గారు టోపీ పెట్టుకుని సొలాంజ్ వైపు తిరిగారు.

"ఈ మాట పైనున్నాయనకి చెప్పకమ్మాయ్," అన్నారు. "ఇద్దరికీ తెలిసిపోతే గురువారం ఆట ఎత్తేయాలి."